గొడుగుల టోపీ

ఆ రోజుల్లో విశాఖపట్నంలో కూర్చుని ఊలు టోపీ అల్లుతున్నానని చెబితే, విన్నవాళ్ళు ముందు నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేవారు. డిసెంబరులో కూడా ఫ్యాను తిరగనిదే నిద్రపట్టని ఊరది. కానీ అదే ఊళ్ళో, చేపల రేవు పక్కన, ఏడాది పొడుగునా ఎముకలు కొరికే చలి ఉండే గది ఒకటుండేది. రొయ్యల్ని గడ్డకట్టించి పై దేశాలకు పంపే ఒక కంపెనీ వాళ్ళ కోల్డ్ రూమ్. చదువైన కొత్తలో నాకు దొరికిన మొదటి ఉద్యోగం, రోజుకు రెండుసార్లు ఆ గదిలోకి వెళ్ళి పెట్టెలు లెక్కపెట్టి రిజిస్టరులో రాయడం. పొద్దున్నే ఎలమంచిలిలో పాసింజరు ఎక్కి, చెమటలు కక్కుకుంటూ దిగి, లోపలికెళ్ళి బిగుసుకుపోయేవాణ్ణి. (మా అమ్మ మాత్రం కొడుక్కి ఏసీ గదిలో ఉద్యోగమని వీధంతా చెప్పుకుంది.)

ఆ గదిలో మనిషిని మొహం చూసి గుర్తుపట్టడం కుదరదు. లావుపాటి కోటు, మూతికి గుడ్డ, మధ్యలో రెండు కళ్ళు, అంతే. అందుకని అక్కడ ఎవరి టోపీ మీద బొమ్మే వాళ్ళ పేరు. ఒకడు పీత, ఒకడు రొయ్య, ఇంకొకడు కొబ్బరిచెట్టు. పీతా అని పిలిస్తే ఆరడుగుల మనిషి పరుగెత్తుకొచ్చేవాడు. ఆ టోపీలన్నీ అల్లింది ప్యాకింగులో పనిచేసే అత్త. నాకు వరసేమీ కాదు, ఆవిడ అందరికీ అత్తే. వయసులో ఉన్నప్పుడు నేవీ క్వార్టర్సులో, ఎక్కడో మంచుకొండల నుంచి వచ్చిన ఒక అమ్మగారింట్లో పనిచేసిందట. ఆ అమ్మగారు మే నెల ఎండల్లో కూడా ఊలు పట్టుకోకుండా ఉండలేకపోయేదట. అక్కడ పట్టుకున్న విద్య. రెండు సూదుల్ని ప్లాస్టిక్ తీగతో కలిపిన గుండ్రటి సూది మీద టోపీ చెవుల దగ్గర మొదలై, చుట్టూ తిరుగుతూ తిరుగుతూ, ఎక్కడా అతుకన్నది లేకుండా నడినెత్తికి చేరేది. ఒక వేలి మీద తెల్ల దారం, ఇంకో వేలి మీద నీలం దారం. భోజనాల వేళ ఇంట్లో కోడలి సంగతులు చెబుతూ, నవ్వుతూ, చేతులకేసి ఒక్కసారైనా చూడకుండా అల్లేది. బొమ్మకు ఆధారం ముగ్గు. అట్టపెట్టె మూత మీద చుక్కలు పెట్టుకుని, నీలం రావలసిన చుక్కల్ని నింపేసేది. ఒక్క చుక్క తప్పేది కాదు. (నేను అవే పెట్టెలు మూడుసార్లు లెక్కపెడితే మూడు లెక్కలు వచ్చేవి.) అంత పనిమంతురాలిని నేను మళ్ళీ చూడలేదు.

అత్త భర్త ఆ గదికి మేస్త్రీ. మేమంతా మేస్త్రీ మావ అనేవాళ్ళం. ఆయన టోపీ చుట్టూ పడవలు ఉండేవి. ఒకప్పుడు చేపల వేటకెళ్ళిన మనిషి. ఓసారి సముద్రం మీద పడవ తిరగబడితే, బోర్లాపడ్డ ఆ పడవనే పట్టుకుని వేలాడి ఎలాగో ఒడ్డున పడ్డాడు. ఆ తర్వాత అత్త ఆయన్ని వేటకు పోనివ్వలేదు. ఈ ఉద్యోగంలో పెట్టించి, మొదటి రోజునే ఆ టోపీ అల్లి ఇచ్చింది, ఇక నీ పడవ మునగదు అని. అందులో చలి తగిలితే వచ్చే ఆయన చెవిపోటుకు మందూ ఉంది, మనసుకు ధైర్యమూ ఉంది.

అటువంటి టోపీని నేను పోగొట్టాను. చలికి నా చెవులు ఎర్రబడటం చూసి జాలిపడి ఒక సాయంత్రం మావ తన టోపీ నా నెత్తిన పెట్టాడు. తిరిగి ఇవ్వడం మరిచి రైలెక్కేశాను. తలమీది మంచు కరిగి టోపీ తడిసింది. తడి టోపీ ఇస్తే మర్యాదగా ఉండదని, అనకాపల్లి దాటాక కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి గాలికి ఆరబెట్టాను. అది ఆరిందో లేదో నాకు తెలియదు. చెరుకు తోటల మీదుగా ఎగిరిపోవడం మాత్రం కళ్ళారా చూశాను.

మర్నాడు మావ తువ్వాలు తలకు చుట్టుకుని లోపలికెళ్ళాడు, బయటికొచ్చాక చెవి పట్టుకుని గోడకు ఆనుకున్నాడు. తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి. అత్త ఇంకోటి అల్లుదామంటే, అంతకు రెండు రోజుల ముందే కుళాయి దగ్గర జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. చేతికి సిమెంటు కట్టు. ఆ ఆదివారం వాళ్ళింటికెళ్ళి, నేనే అల్లుతాను నేర్పమన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "సేతులు సూపించు" అంది. చూసింది. "రిజిస్టరు రాసే సేతులే గానీ, నెమ్మదుంది. కూకో" అంది.

మొదటి టోపీకి, బొమ్మ వెనకగా పోయే రెండో రంగు దారాన్ని బిగలాగేశాను. అది ఎవరి నెత్తికీ పట్టలేదు. అత్త దాన్ని వంటింట్లో కొబ్బరికాయకు తొడిగి, దీనికి చలి తీరిందని చెప్పింది. రెండోదానికి చెవుల పట్టీ దగ్గరుండి అల్లించి, పడవ చుక్కలున్న అట్టముక్క చేతికిచ్చి, ఇక వెళ్ళి అల్లుకోమంది. మూడు వారాలు రైల్లో అల్లాను. పేకాట బ్యాచీ వాళ్ళు పేక ఆపి నన్ను చూసేవారు. పెళ్ళిచూపుల్లో అమ్మాయి నిన్ను అడగాల్సిన ప్రశ్నలు మారిపోతాయి బావా అని ఒకడు బెంగపెట్టుకున్నాడు. నాకేం పట్టలేదు. అల్లినంత మేరా ఒళ్ళో మోకాళ్ళ వైపు పరుచుకుని చూసుకుంటే, నీలం పడవలు వరసగా కనబడి గుండె ఉప్పొంగిపోయేది. ఎదురు సీట్లో కూర్చునే పెరుగమ్మే ముసలమ్మ ఒకరోజు, "ఏటి బాబూ అవి, గొడుగులా?" అని అడిగింది. పడవలని ఓపిగ్గా చెప్పాను. ఆవిడ మెడ అటూ ఇటూ వంచి చూసి, ఓహో అని ఊరుకుంది. పాపం, కళ్ళు ఆనవు కాబోలనుకున్నాను.

అత్త కట్టు విప్పించుకుని పనిలోకి వచ్చిన రోజున, కోట్లు తొడుక్కునే గదిలో, అందరి ముందూ టోపీ తీసి మావ చేతికిచ్చాను. గొడుగులు బాగా కుదిరాయని పీత మెచ్చుకున్నాడు. అత్త మొహం మాత్రం పాలిపోయింది.

"ఏ వరస కాణ్ణించి మొదలెట్టేవు?" అని అడిగింది.

అట్టముక్క మీద పైవరస నుంచి, అన్నాను. రిజిస్టరు రాసేవాడు ఇంకెక్కణ్ణుంచి మొదలెడతాడు?

"టోపీ కిందనించి గదా పెరుగుతాది నాయినా" అంది మెల్లగా.

అప్పుడు తెలిసింది. టోపీ చుట్టూ పడవలన్నీ తలకిందులు. పడవ తిరగబడి చావు తప్పించుకున్న మనిషి చేతిలో, బోర్లాపడ్డ పడవలు డజను పెట్టాను. కోల్డ్ రూమ్ తలుపు ఇంకా తియ్యకుండానే నా కాళ్ళు చల్లబడ్డాయి. అత్త చెయ్యి చాపి, "ఇటియ్యి, ఇప్పేత్తాను" అంది.

మావ ఇవ్వలేదు. టోపీని చుట్టూ తిప్పి ఒక్కొక్క పడవనీ చూశాడు.

"ఆగవే. నీటి మీద బోర్లాపడితే గదేటి బయం. ఒడ్డు మీద బోర్లా పెట్టిన పడవని సూళ్ళేదా నువ్వు? ఆ పడవ మడిసి ఇంటికాడే ఉన్నాడని లెక్క" అన్నాడు. టోపీ చెవుల దాకా లాక్కుని, "నాను ఇంటికాడే ఉన్నాను గదా" అన్నాడు.

అత్త ఆయన చెవి దగ్గర అంచు సర్దింది. ఆ రోజు పెట్టెల లెక్క నాకు అసలు కుదరలేదు, కళ్ళు మసకబారి. (చలికని చెప్పాను.) మావ ఉద్యోగం విరమించేదాకా ఆ టోపీయే పెట్టుకున్నాడు.

ఇప్పుడు నేను ద్వారకా నగర్‌లో ఒక ఆఫీసులో, నిజంగానే ఏసీ గదిలో పనిచేస్తున్నాను. ఏటా ఒక టోపీ అల్లి ఆ కోల్డ్ రూమ్‌లో కొత్తగా చేరిన వాళ్ళెవరికైనా పంపుతాను. చుక్కలు కిందనుంచి చదవడం ఏనాడో వచ్చింది. అయినా పడవల దగ్గరికి వచ్చేసరికి పైవరస నుంచే మొదలుపెడతాను. పక్క సీటు కుర్రాళ్ళు తొంగిచూసి గొడుగులా సార్ అంటారు. అవునంటాను.