ఇన్‌ఛార్జి దేవిక మేడం

చివ్వెంల దాటిన తరువాత రోడ్డు పక్కనే ఉన్న ఆ ఉన్నత పాఠశాలలో దేవిక జీవశాస్త్రం బోధించేది. వేసవిలో ప్రధానోపాధ్యాయుడు పదవీ విరమణ చేశాడు. ఆ స్థానంలోకి ఎవరూ రాలేదు. ఉన్నవారిలో సర్వీసు ఎక్కువ గనుక ఇన్‌ఛార్జి బాధ్యత ఆమెపై పడింది. హోదా పెరగలేదు, పాఠాలు తగ్గలేదు; తాళపుచెవులు మాత్రం చేతికి వచ్చాయి. నిన్నటిదాకా అక్కా అని పిలిచిన భౌతికశాస్త్రం సారు నగేష్, ఆమె ఆ గదిలో కూర్చున్న మొదటినాడే తలుపు దగ్గర చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"మేడం గారూ, లోపలికి రావచ్చునా? దరఖాస్తు పెట్టుకోవాల్నా?"

"నీ ఎకసెక్కాలు చాలుగానీ, సాయంత్రం పదో తరగతికి స్పెషల్ క్లాసు తీస్కుంటవా?"

"అక్క అడిగితే తీస్కుంట. మేడం అడిగితే ఆర్డర్ గావాలె. ఇప్పుడు అడిగిందెవలు?"

నవ్వుతూనే అన్నాడు, క్లాసు మాత్రం తీసుకోలేదు.

తీసుకొన్నవాడు లెక్కల సారు మధుసూదన్ ఒక్కడే; అదీ సాయంత్రం కాదు, పొద్దున్నే. కోదాడలో తెల్లవారుజామున బస్సెక్కి, బడి గంటకు ముందే వచ్చి, పదో తరగతిని కూర్చోబెట్టేవాడు. లెక్కలంటే ముఖం చాటేసే పిల్లలు అతని వెంటపడి తిరిగేవారు.

దసరా సెలవుల తరువాత సూర్యాపేటలో ప్రధానోపాధ్యాయుల సమీక్షా సమావేశం జరిగింది. ఈ బడిలో లెక్కల మార్కులు పెరగడం గమనించిన అధికారి, కారణమేమని అడిగాడు. అటువంటి చోట "మా పర్యవేక్షణ" అని చెప్పి కూర్చోవడం ఆనవాయితీ. దేవిక, తోటివాని కష్టాన్ని తన ఖాతాలో వేసుకోవడం తప్పని భావించి, మధుసూదన్ పేరు చెప్పింది; అతడు పాఠం ఎట్లా చెబుతాడో కూడా వివరించింది. సభ చప్పట్లు కొట్టింది. పెద్దరికమంటే ఇదే గాబోలు అని ఆ పూట ఆమెకు అనిపించింది.

వారం తిరగకముందే ఉత్తర్వు వచ్చింది. చిలుకూరు దిక్కున ఒక బడిలో లెక్కల ఉపాధ్యాయుడు లేనందున, విద్యాసంవత్సరం ముగిసేవరకు మధుసూదన్‌ను అక్కడికి సర్దుబాటు చేశారు. అతణ్ణి రిలీవ్ చేయవలసినది ఇన్‌ఛార్జి ప్రధానోపాధ్యాయురాలే.

ఆ మధ్యాహ్నమే ఆమె సూర్యాపేట వెళ్ళి, పరీక్షలదాకానైనా ఉంచమని బతిమాలింది.

"మంచిగ చెప్తడని మీరే చెప్తిరి గదమ్మా," అన్నాడు అధికారి. "మీ పిల్లలు జర దారిల పడ్డరు. గాడ బడి తెరిసినకాన్నుంచి లెక్కల క్లాసే లేదు. గాళ్ళు పిల్లలు గాదా?"

"మరి మా బడికి ఎవరొస్తరు సార్?"

"హెడ్మాస్టరన్నంక నడిపించుకోవాలె గద. మీరే సూస్కోండ్రి."

ఆయన అన్న మొదటి మాటలో అబద్ధం లేదు.

ఇక మిగిలిన ఆశ మధుసూదనే. తిరిగివచ్చి అతణ్ణి గదిలోకి పిలిచింది.

"మీరు వెళ్ళొద్దంటే, ఆర్డరు ఆపమని నేనే ఆఫీసుకెళ్ళి అడుగుతానండి," అన్నాడతడు తలవంచుకొని. "కాకపోతే మేడం, ఆ బడి కోదాడలో మా ఇంటికి దగ్గరండి. మా పాపతో ఆడుకునేది ఆదివారం ఒక్కరోజే."

పాపకు ఎన్నేళ్ళని మాత్రం అడిగి, దేవిక అతణ్ణి బస్సుకు పంపింది.

మరునాడు ఉదయం గేటు దగ్గర కాటమ్మ నిలబడి ఉంది. బడి తల్లుల కమిటీకి ఆమె అధ్యక్షురాలు. కూతురు నిత్య పదో తరగతి. వెంట మరికొందరు తల్లులు, చేతిలో ఒక కొత్త తాళం. సారును కదిలిస్తే బడికి తాళం వేయడం ఆ ఊళ్ళకు తెలిసిన మార్గమే.

"మేడం, లెక్కల సారును నువ్వే పంపిస్తున్నవట?"

"నేను గాదు కాటమ్మా. పైనుంచి ఆర్డరొచ్చింది."

"సంతకం ఎవలది?"

"నాదే."

"మల్ల? నువ్వు పెద్దమేడానివా, కాదా? పంపియ్యనని ఒక్క మాట అను. తాళం మేమేస్తం, కొట్లాట మాది."

తాళం పడితే మిగిలిన పాఠాలూ ఆగుతాయి. మధ్యాహ్నం అన్నమూ ఆగుతుంది. సంజాయిషీ తానే ఇచ్చుకోవాలి. ఇన్ని చేసినా ఉత్తర్వు ఆగదని దేవికకు తెలుసు.

"తాళం వద్దు," అన్నది.

"ఇగ సమజైంది." కాటమ్మ వెనుదిరిగింది. "నువ్వు మా మేడానివి గాదు తల్లీ, ఆఫీసోళ్ళ మేడానివి."

ఆ సాయంత్రం దేవిక సంతకం చేసింది. పిల్లలు మధుసూదన్‌ను బస్సుదాకా సాగనంపి వచ్చారు. ఎవరూ ముందుకు రానందున, మరునాటినుండి లెక్కల పీరియడుకు ఆమే వెళ్ళింది. గోపురం ఎత్తును కనుగొనే లెక్క ఒకటి రాత్రంతా చదువుకొని వచ్చి బోర్డు మీద మొదలుపెట్టింది; సగంలో దారి తప్పింది.

"సారు గిది ఇంకో తీరు చేస్తుండే మేడం," అన్నది నిత్య.

"నువ్వొచ్చి చెయ్యమ్మా."

నిత్య వచ్చి బొమ్మ సరిదిద్దింది, దాని కింద కొంత రాసింది, ఆగిపోయింది. సుద్దముక్క తిరిగి దేవిక చేతికి అందించింది.

"గీడిదాంకనే చెప్పిండు మేడం."