నర్సవ్వ పాట మీద కంపెనీ గొప్పలు

ఈ రోజు జహీరాబాద్ అంగట్లో ఒక టేపుల కంపెనీ ఏజెంటు రికార్డరు పెట్టుకుని కూర్చున్నాడు. అల్లం అమ్మే నర్సవ్వను నేనే పాడమన్నాను. చనిపోయిన తన చెల్లెలు కట్టిన పాట పాడింది. టేపులోంచి తన గొంతు వినిపించగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

అదే టేపును ఎన్నిసార్లయినా వాడుకోవచ్చని చూపించడానికి, ఆ మహానుభావుడు వెంటనే పాట చెరిపేసి, దాని మీద కంపెనీ గొప్పలు నింపాడు. మేమంతా చప్పట్లు కొట్టాం.

“నా పాటేది?” అంది నర్సవ్వ.

“చెరిగిపోయిందమ్మా. టేపు మాత్రం కొత్తదానిలాగే ఉంది, చూడు!”

“నీ మాటలు గూడ గట్లనే చెరుగుతయా?”

“ఓ, క్షణంలో!” అన్నాడు గర్వంగా.

“మరి చెరుపు. గవి పోతె ఏడ్చెటోళ్లు ఎవ్వలు లేరు.”

చప్పట్లు కొట్టిన మమ్మల్ని ఏమనాలో మీరే చెప్పండి.