అత్తమ్మ కళ్ళు తెరిచిన ఫోటో

నా తోడల్లుడంటే నాకు కుళ్ళు. ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. అతను మా ఆవిడ చెల్లెలి భర్త, ఒంగోలులో బడిపంతులు. తాగడు, గొంతు పెంచడు, అడక్కపోయినా సాయం చేస్తాడు. అలాంటివాణ్ణి చూసి కుళ్ళుకోవడానికి ఎంత ఓపిక కావాలో నాకు తెలుసు. అతను మెడలో కెమెరా వేసుకుని ఏ ఫంక్షన్‌కైనా వచ్చాడంటే ఆ పూట నాకు భోజనం సయించదు.

నాది అద్దంకిలో ఫోటో స్టూడియో. ఇరవై రెండేళ్లుగా పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, ప్రధానాలు తీస్తూ బతుకుతున్నాను. నా పద్ధతి ఒకటే. కెమెరా మీద ఫ్లాష్ బిగించి, మనిషి మొహం మీదికి సూటిగా కొట్టడం. ఇళ్ళల్లో, హాళ్ళల్లో ఉండే ట్యూబులైట్ల వెలుగు ఏ మూలకీ చాలదు. మా వైపు జనం అడిగేదీ అదే. "అన్నా, కాస్త తెల్లగా పడేట్టు తియ్యి." తెల్లగానే పడేవాళ్ళు. నుదురు జిడ్డుగా మెరిసేది, వెనక గోడ మీద తలకాయంత నల్లటి నీడ పడేది. అయినా ఒక్కరూ వంక పెట్టలేదు.

ఒక్క మా అత్తమ్మతోనే వచ్చింది తంటా. ఆమె నా కెమెరా ముందు ఎప్పుడు నిలబడ్డా ఫోటోలో కళ్ళు మూసుకుని ఉండేది. మా పిల్లల పుట్టినరోజుల్లో, బావమరిది గృహప్రవేశంలో, క్రిస్మస్ విందులో, అన్నిట్లోనూ అంతే. "అత్తమ్మ ఎప్పుడూ ప్రార్థనలోనే ఉంటుంది" అని చర్చివాళ్ళు ఆట పట్టించేవాళ్ళు. నేను "కళ్ళు పెద్దవి చేసి చూడత్తమ్మా" అని అరిచేవాణ్ణి. ఆమె పాపం గుడ్లు మిటకరించి చూసేది. ఫ్లాష్ కొట్టేసరికి మళ్ళీ మూతే.

అది ఆమెకు తమాషా విషయం కాదు. జీవితమంతా మిరప కోతలకీ, పత్తి తీతలకీ పోయిన మనిషి. మా మామ పోయినప్పుడు జ్ఞాపకార్థ కూడికలో బల్ల మీద పెట్టడానికి సరైన ఫోటో దొరక్క, రేషన్ కార్డు మీది మసక బొమ్మనే పెద్దది చేయించాల్సి వచ్చింది. అది ఆమె మనసులో ఉండిపోయింది.

"ఏందబ్బాయ్, మళ్ళీ మూసుకునే ఉన్నానా?" అనేది నన్ను. "పెట్టెలో పండుకున్నాక ఎట్టాగూ మూసుకునే ఉంటాను గదా! బల్ల మీద పెట్టే ఫోటోలో అయినా తెరుచుకోనీ."

నవ్వుతూనే చెప్పేది గానీ, ప్రతిసారీ అడిగేది. నేను ప్రతిసారీ తప్పు ఆమె రెప్పల మీదికే నెట్టేసేవాణ్ణి.

పోయిన ఏడాది ఒంగోలులో తోడల్లుడి కొడుకు పుట్టినరోజు చేశారు. ఫోటోలు నావే. కేకు కోస్తుండగా అతను బీరువాలోంచి తన చిన్న కెమెరా తీశాడు. దాని ఫ్లాష్ తలకాయ వంచి పైకప్పు వైపు తిప్పాడు. నాకు నవ్వాగలేదు.

"ఏమయ్యా పంతులూ, బల్లుల్ని తీస్తున్నావా?" అన్నాను. హాలంతా నవ్వింది.

అతనూ నవ్వి అత్తమ్మని ఒక్క ఫోటో తీశాడు. తీసి అందరికీ చూపించాడు. ఓరి దేవుడా! తెల్లటి పైకప్పుకి తగిలిన వెలుగు మెత్తగా కిందికి దిగి ఆమె మొహమంతా పరుచుకుంది. చామనఛాయ చామనఛాయలాగే ఉంది. వెనక నీడ లేదు. కళ్ళు రెండూ తెరిచి, మనవడు బుగ్గకి పూసిన కేకు తుడుచుకుంటూ నవ్వుతోంది.

"మీ ఫ్లాష్ రెండుసార్లు వెలుగుతుందన్నయ్యా" అన్నాడు పక్కకొచ్చి, ఎవరికీ వినబడకుండా. "మొదటిది చిన్నది, వెలుగు కొలుచుకోడానికి. అది సూటిగా కంట్లో పడగానే అత్తమ్మ రెప్ప వేసేస్తోంది. అసలుది వెలిగేసరికి కళ్ళు మూతపడి ఉంటున్నాయి."

పిల్లలకి లెక్కలు చెప్పుకునేవాడు నా పని నాకు నేర్పుతున్నాడు! అదీ గుట్టుగా, నా పరువు పోకుండా. గట్టిగా చెప్పి నవ్వినా ఇంత మండేది కాదు.

అత్తమ్మ ఆ ఫోటో వదల్లేదు. "బుగ్గకి కేకు అంటుకుంది గానీ, ఇది నేనేనమ్మా! చిన్నబ్బాయ్, పెద్ద మనవడి ప్రధానం నాడు పట్టుచీర కట్టుకుంటాను, ఇట్టాగే ఒకటి తియ్యి."

"నేను తీస్తానత్తమ్మా" అన్నాను. గొంతు కాస్త గట్టిగానే వచ్చింది. మా ఆవిడ నా వైపు అదోలా చూసింది.

ఆ నెలంతా స్టూడియోలో పైకప్పుకి ఫ్లాష్ కొట్టి నేర్చుకున్నాను. నా గది కప్పుకి తెల్లసున్నం. బ్రహ్మాండంగా వచ్చేవి.

ప్రధానం అద్దంకిలోనే, ఫంక్షన్ హాల్లో, పగటిపూట. బావమరిది కొడుక్కి పిల్లని ఖాయం చేసుకునే రోజు. ఫ్లాష్ పైకి తిప్పి లోపలికి అడుగుపెట్టానో లేదో తోడల్లుడు ఎదురొచ్చాడు.

"అన్నయ్యా, ఒక్కమాట. పైన..."

"నాకు చెప్తున్నావా?" అన్నాను. "ఇరవై రెండేళ్ల నుంచీ ఇదే పని నాకు. పోయి కూర్చో."

పోయి కూర్చున్నాడు. పాస్టరుగారి ప్రార్థన అయింది, ఉంగరాలు మార్చుకున్నారు. నేను టకటకా తీస్తూనే ఉన్నాను. ఒక్కసారి కూడా కెమెరా వెనక స్క్రీను చూసుకోలేదు. తోడల్లుడు చూస్తుండగా చూసుకుంటే, నాకు నమ్మకం లేదనుకోడూ! అత్తమ్మని వేదిక పక్కన కూర్చోబెట్టి మూడు తీశాను.

సాయంత్రం స్టూడియోలో కంప్యూటర్లో తెరిచి చూస్తే అన్నీ ఎరుపే. డెకరేషన్ వాళ్ళు ఆ హాలు కప్పంతా ఎర్రగుడ్డ కట్టారు. నా వెలుగు దానికి తగిలి ఎర్రగా దిగింది. పెళ్ళికూతురు ఎరుపు, పాస్టరుగారి తెల్లచొక్కా ఎరుపు. అత్తమ్మ కళ్ళు చక్కగా తెరిచే ఉన్నాయి, మొహం మాత్రం కారం పూసినట్టుంది. ఎరుపు తగ్గిద్దామని చూస్తే అందరూ పాచిరంగులోకి తిరిగారు. తల పట్టుకుని కూర్చున్నాను.

మర్నాడు తోడల్లుడు బస్సు దిగి నేరుగా స్టూడియోకి వచ్చాడు. బల్ల మీద పెన్‌డ్రైవ్ పెట్టాడు.

"నేనూ కొన్ని తీశానన్నయ్యా, ఫ్లాష్ పక్కనున్న తెల్లగోడకి కొట్టి. ఆల్బంలో పనికొస్తే వాడుకోండి. ఎవరికీ చెప్పక్కర్లేదు." టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

పెన్‌డ్రైవ్ రోడ్డు మీదికి విసిరేద్దామనిపించింది. విసరలేదు. ఆల్బంలో సగం అతనివే పెట్టాను. అత్తమ్మ ఫోటో ఒకటుంది. పట్టుచీరలో, కళ్ళు నిండా తెరిచి, ఎదురుగా ఉన్నవాళ్ళు దగ్గరికెళ్ళి కూర్చోవాలనిపించే నవ్వుతో. దాన్ని పెద్దదిగా ప్రింటు తీసి, మూలన నా స్టూడియో పేరు వేసి, ఫ్రేము కట్టించి ఇచ్చాను.

"ఇన్నేళ్లకి మా అమ్మని మా అమ్మలాగా తీశారండీ" అంది మా ఆవిడ. పెళ్ళైన నాటి నుంచీ నా ఫోటోని ఆమె మెచ్చుకున్నది అదొక్కసారే. అత్తమ్మ అయితే ఇంటికొచ్చిన ప్రతివాళ్ళనీ గోడ దగ్గరికి లాక్కెళ్ళి చూపించేది. "మా పెద్దల్లుడు తీశాడు." నేను ఆ ఇంటికి పోవడం తగ్గించేశాను. మూలన నా పేరున్న ఫోటో మీద నాకే కుళ్ళు.

మొన్న ఒక ఆదివారం తప్పక వెళ్ళాను. ఆమె ఒక్కతే వసారాలో కూర్చుని ఎండుమిరపకాయలకి తొడిమలు తీస్తోంది. లోపల గోడ మీంచి ఆ నవ్వు కనపడుతోంది. ఇక ఉండబట్టలేదు.

"అత్తమ్మా, ఆ ఫోటో నేను తీసింది కాదు. చిన్నోడు తీశాడు."

ఆమె చేతిలో కాయకి తొడిమ తుంచి గంపలో వేసింది.

"అదేందబ్బాయ్! ఆ రోజు నా ఎదురుగా కెమెరా పట్టుకుని నిలబడింది ఎవరో నాకు తెలవదా? నేను నవ్వింది ఆడికే గదా."

తెర మీద ఆ ఫోటో అన్నిసార్లు చూశాను. ఆమె ఎవరి వైపు చూస్తోందని ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

"మరి అందరికీ నేనని చెప్పావెందుకు?"

"నీ పేరు వేసుకున్నావు గదా. అంత కావాలనిపించిందేమోలే అనుకున్నా. చర్చిలో కూడా నువ్వేనని చెప్పా. ఈ వయసులో దేవుడి గుళ్ళో అబద్ధమాడింది నీకోసమేనయ్యా."

గంప నా వైపు జరిపింది. నేను కింద కూర్చుని తొడిమలు తీయడం మొదలుపెట్టాను. ఆ చేతుల్తో కళ్ళు తుడుచుకోకూడదని తెలిసీ తుడుచుకున్నాను.