కొల్లేరులో దిగడం తేలికే, తిరుగు బస్సు మాత్రం హైవే అవతల

మా లలిత వదినకి కొల్లేరు పక్క ఊళ్లో పని దొరికింది. వారానికి రెండు రోజులు అక్కడి ఆడవాళ్లకి మగ్గం పని నేర్పాలి. తాడేపల్లిగూడెంలో ఆవిడ కుట్టిన జాకెట్లకి మంచి పేరుంది. కానీ పోయినేడు మెట్ల మీద పడి తుంటి ఎముక విరిగినప్పటి నుంచి ఇల్లు కదల్లేదు. ఇప్పుడు చేతికర్ర పట్టుకుని నెమ్మదిగా నడుస్తోంది. హైవే దాటలేవు, వద్దన్నాడు అన్నయ్య. ఒక్కసారి వెళ్లి చూసొస్తానని పట్టుబట్టి, వదిన నన్ను తోడు రమ్మంది. నాకు ఒకచోట కాలు నిలవదని ఇంట్లో అందరికీ తెలుసు.

ఏలూరులో పొద్దున్నే రైలెక్కి గూడెంలో దిగాను. బస్టాండులో వదిన నాకంటే ముందే వచ్చి కూర్చుంది. ఏలూరు వైపు వెళ్లే పల్లెవెలుగు ఎక్కాం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకి ఛార్జీ లేదు. ఉంగుటూరు దాటాక, ముప్పావుగంట ప్రయాణంలో మా కూడలి వచ్చింది. దాని పేరు రాయడం లేదు. ఈ దారిలో ఇలాంటివి చాలా ఉన్నాయి, ఒక్క ఊరినే తప్పుపట్టడం నాకిష్టం లేదు. బస్సు మమ్మల్ని కొల్లేరు వైపే దింపింది. పది అడుగుల్లో షేర్ ఆటో, మనిషికి ముప్పై రూపాయలు. వదిన ముఖం వెలిగిపోయింది.

"సాయంత్రం గూడెం బస్సు ఎక్కడ ఆగుతుందండీ?" అని ఆటో డ్రైవర్ని అడిగాను.

"అదిగోనండి, అవతల కొట్ల దగ్గర. ఆపుతాడండి, కానీ మీరు దాటేలోగా వెళ్లిపోతాడండి. రోడ్డు వాళ్లొచ్చి కొలుచుకెళ్లారు, వంతెన వేస్తారంటున్నారు."

"వేసేదాకా?" అంది వదిన.

"వేసేదాకా ఇంతేనండి."

దారికి రెండు పక్కలా చేపల చెరువులు, నీళ్లు చిమ్ముతూ తిరిగే చక్రాలు, మేత బస్తాల వాసన. గట్ల మీద కొంగలు. పనికి పిలిచిన నాగమణి గారింటి వరండాలో అప్పటికే ఏడెనిమిది మంది కూర్చున్నారు. భర్త చేపల పడవ మీదికి వెళ్తే ఇల్లు, పిల్లలు, ఈ బృందం అన్నీ ఆవిడే చూసుకుంటుంది. కొరమీను పులుసు వడ్డిస్తూ, "మీరైనా మానెయ్యకండి. ఇంతకు ముందొకావిడ రెండుసార్లొచ్చి ఆ రోడ్డుకి భయపడి మానేశారండి" అంది.

మూడు నుంచీ నేను గడియారం చూస్తూనే ఉన్నాను. వీధిలోకి వెళ్లాను, వచ్చాను, మళ్లీ వెళ్లాను. "కాసేపు కుదురుగా కూర్చో పద్మా, నిన్ను చూస్తే నాకు సూది తప్పుతోంది" అంది వదిన.

కూడలికి తిరిగి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. అక్కడ దీపం లేదు, నీడ లేదు, నిలబడే చోటు లేదు. సందు చూసుకుని వదిన చెయ్యి పట్టుకుని సగం దాటించాను. మధ్యలో ఉన్నది అడుగున్నర వెడల్పు గట్టు. దాని మీదికి ఎక్కుతుండగానే రాంగ్ రూట్లో ఒక బైకు దూసుకొచ్చి వదిన కర్రకి తగిలింది. కర్ర ఎగిరి రోడ్డు మీద పడింది. ఐసు నీళ్లు కారుస్తూ ఒక చేపల లారీ దాని మీదుగా వెళ్లిపోయింది. వదిన గట్టు మీద కూలబడింది. అవతల గూడెం బస్సు వచ్చి ఆగింది.

"రండి వదినా, పరిగెత్తుదాం" అన్నాను. ఆ మాట నా నోట ఎలా వచ్చిందో తెలియదు.

ఆవిడ నా వంక చూసింది. "నేను పరిగెత్తలేను. వెనక్కి తీసుకెళ్లు."

బస్సు వెళ్లిపోయింది. ఆటో డ్రైవర్ పరుగున వచ్చి రెండు చేతులూ చాచి వాహనాల్ని ఆపితే, వదినని ఇవతలికి తెచ్చాం. ఇంతలో ఇవతలి వైపే ఏలూరు బస్సు వచ్చింది. వదిన చెయ్యెత్తి ఆపింది.

"ఇది అటు వెళ్తుంది వదినా."

"తెలుసు. ఏలూరు బస్టాండులో దిగి గూడెం బస్సెక్కుతాను. అక్కడ రోడ్డు దాటక్కర్లేదుగా."

దారిలో అన్నయ్య ఫోన్ చేశాడు. దాటావా అని అడిగినట్టున్నాడు. "దాటలేదు. వచ్చేస్తున్నాను" అంది వదిన, అంతే. ఏలూరులో ఆవిడని గూడెం బస్సెక్కించి ఇంటికొచ్చాను. ఆవిడ చేరానని చెప్పేదాకా గదిలో పచార్లు చేస్తూనే ఉన్నాను.

వదిన పని వదల్లేదు. కొత్త కర్ర కొనుక్కుంది. వెళ్లిన ప్రతిసారీ ఏలూరు చుట్టి గూడెం చేరుతోంది. ఆ చుట్టుకి పోయే గంటకి పైగా సమయానికి ఎవరూ జీతం ఇవ్వరు. వంతెన ఎప్పుడో వస్తుంది. ఈలోగా బస్సు ఆగేచోట ఒక దీపం, రోడ్డు మధ్యలో మనిషి ఊపిరి పీల్చుకునేంత వెడల్పు, కూడలికి ముందు వేగం తగ్గించే అడ్డంకి చాలు. సాయంత్రం ఆ రోడ్డు మీద కారులో వెళ్లినా ఇప్పుడు నాకు స్థిమితం ఉండటం లేదు, గట్టు మీద ఎవరైనా కూర్చున్నారేమోనని చూస్తాను.

మీరు బస్సులో కొల్లేరు వెళ్తుంటే ఒక్క సలహా. దిగేచోటు సంగతి కాదు, తిరుగు బస్సు ఏ వైపు ఆగుతుందో ముందే అడగండి. అవతలైతే, వెలుగు ఉన్నా లేకపోయినా దాటకండి. ఇవతలి బస్సెక్కి దగ్గర్లోని బస్టాండుకి వెళ్లి, అక్కడి నుంచి వెనక్కి రండి.