కంట్రోల్ సెట్ సుబేదార్ గారి చేతిలో

ఉదయం 7:10కి మండపేట దాటాం. నవంబరు నెల. పొగమంచు ఇంకా చేల మీదే ఉంది. సార్వా వరి కోతలు నడుస్తున్నాయి. మేం వెళ్ళాల్సిన ఊరు ఇంకా ఆరు కిలోమీటర్లుందనగా డ్రైవర్ బండి ఆపేశాడు. ఎదురుగా సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, అంచునే రాళ్ళు పేర్చి ఉన్నాయి. డ్రైవర్ హర్యానావాడు, నాయక్ ర్యాంకు. కాశ్మీర్‌లో నాలుగేళ్ళు బండి నడిపినవాడు. రోడ్డు మీద రాళ్ళు వరసగా కనిపిస్తే కింద బాంబేమోనని దిగి చూడందే కదలడు. దిగి చూసి, గుప్పెడు వడ్లు తెచ్చి నాకు చూపించాడు. ఈ నెలలో ఇక్కడ సగం రోడ్డు ధాన్యానిది, మిగిలిన సగం మనదని చెప్పాను. అక్కడినుంచి పది కిలోమీటర్ల వేగం దాటలేదు.

నేను ఆర్మీలో పంటి డాక్టర్ని. ఐదేళ్ళు చేశాను. యుద్ధం చూశావా అని ఇంటికొచ్చినవాళ్ళు ఇప్పటికీ అడుగుతారు. చూడలేదు. చెప్పుకోదగ్గది ఏమైనా చూశానంటే ఈ ఆరు రోజులే.

ఆర్డరు చిన్నది. ఇంటికొకరు సైన్యంలో పనిచేసిన ఊరు. రిటైరైన వాళ్ళకీ, వాళ్ళ కుటుంబాలకీ ఆరు రోజులు పళ్ళ వైద్యం. తెలుగు వచ్చిన ఆఫీసరు కావాలి. నాకప్పుడు ఇరవై ఏడేళ్ళు, కెప్టెన్. నాతో డ్రైవర్, సహాయకుడిగా ఒక హవల్దార్. హవల్దార్‌ది బరంపురం, తెలుగు బాగా వచ్చు. సామాను: ఒక వ్యాను, అందులో కుర్చీ, జనరేటరు, మందులు, పళ్ళు తీసే పట్టకార్లు రెండు సెట్లు, రెండు వాకీటాకీలు. వ్యానుని హైస్కూలు గేటు దగ్గర నిలిపాం. అరవై మీటర్ల అవతల గ్రౌండులో టెంటు. పేషెంట్లు అక్కడ కూర్చోవాలి, పిలిస్తే ఒక్కొక్కరే రావాలి.

9:00కి మొదలుపెట్టాలి. 8:30కే టెంటు నిండింది. 9:40 దాకా వ్యాను మెట్టు ఎవరూ ఎక్కలేదు.

"టెంట్, ఇది వ్యాన్. మొదటి పేషెంటుని పంపండి. ఓవర్."

"వ్యాన్, ఇది టెంట్. ఎవరూ లేవట్లేదు మేడమ్. సుబేదార్ మేజర్ సాబ్ ఆఖర్న వెళ్తారంట. ఆయనకంటే ముందు మేమెలా వెళ్తామండి అంటున్నారు మిగతావాళ్ళు. ఓవర్."

విషయం అర్థమైంది. సైన్యంలో పెద్దవాడు తన మనుషులంతా తిన్నాకే తింటాడు. రిటైర్డ్ సుబేదార్ మేజర్ గారు ఆ పద్ధతిని పంటి కుర్చీకి కూడా వర్తింపజేశారు. మా గోదావరి వాళ్ళకేమో పెద్దాయన్ని దాటి ముందుకు వెళ్ళడం మర్యాద కాదు. మీరు పదండి అంటే మీరు పదండి అనుకుంటూ ముప్ఫై మంది కూర్చున్నారు.

ఆ ముడి విప్పింది సుబేదార్ గారి భార్య. ఆవిడే లేచి నడుచుకుంటూ వచ్చి కుర్చీ ఎక్కారు. "నాకే ర్యాంకూ లేదు కదమ్మా. ఈయన తర్వాతే వెళ్ళాలంటే నా పళ్ళు ఈ జన్మలో బాగుపడవు" అన్నారు.

పళ్ళు శుభ్రం చేస్తుంటే మధ్యమధ్య ఉమ్మడానికి లేచినప్పుడల్లా ఒక్కో ముక్క చెప్పారు. ఆయనకి కింద దవడలో, కుడివైపు పన్ను పుచ్చింది. తొమ్మిది రాత్రులుగా నిద్ర లేదు. అరుగు మీద ఆ చివరినుంచి ఈ చివరికి నడుస్తారు. చెంప వాచింది, ఎవరికీ కనబడకుండా మఫ్లర్ చుట్టారు. రెండు యుద్ధ సెక్టార్లలో పనిచేసిన మనిషి, సూది పేరెత్తితే కాలువగట్టు మీదకి వెళ్ళిపోతారు.

నేను టెంటుకి వెళ్ళి మఫ్లర్ తీయించి చూశాను. దవడ అంచు కింద వేలితో నొక్కితే రాయిలా గట్టిగా ఉంది. ఆ వాపు మెడలోకి దిగితే ఊపిరికే అడ్డం. చీమున్న చోట మత్తుమందు సరిగా పట్టదు కూడా. అందుకని ముందు మాత్రలు, ఐదో రోజు పన్ను తీయడం. ఆయన మాత్రలు జేబులో వేసుకున్నారు. పన్ను సంగతికి మాత్రం, "మా వాళ్ళంతా అయిపోనివ్వండమ్మా" అన్నారు.

ఆవిడ బయటికి నవ్వుతూ వెళ్ళారు కాబట్టి వరస కదిలింది. ఆ రోజే నేనొక తప్పు చేశాను. నొప్పి అనిపిస్తే ఎడమ చెయ్యి ఎత్తండి, వెంటనే ఆపేస్తాను అని కాలేజీలో నేర్పిన మాటే అందరికీ చెప్పాను. ఫిరంగి దళంలో పనిచేసిన ఒక లాన్స్ నాయక్ గారికి జ్ఞానదంతం తీశాను. ఆయన చెయ్యి మోకాలి మీదనుంచి కదల్లేదు. మందు బాగా పట్టిందనుకున్నాను. అయ్యాక చూస్తే రెండు చెవుల్లోకీ కన్నీళ్ళు కారి ఉన్నాయి.

"నొప్పి పుట్టిందాండీ?"

"ప్రాణం పోయిందమ్మా."

"మరి చెయ్యెత్తలేదేంటండీ?"

"చెయ్యెలా ఎత్తుతామమ్మా. లొంగిపోయినట్టుండదూ?"

ఆ మాట నాకంటే ముందు టెంటుకి చేరింది. డాక్టరమ్మ ఆపదంట అని. రెండో రోజు సుబేదార్ గారు అసలు రాలేదు. మూడో రోజు ఆవిడే పట్టుకొచ్చారు. వాపు కొంచెం తగ్గింది, కానీ మాత్రలు ఆ రాయిని కరిగించలేవు. పన్ను ఉన్నంతకాలం మళ్ళీ లేస్తుంది. మేం వెళ్ళిపోతాం. ఆయన పట్నం ఆస్పత్రికి వెళ్ళరని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

ఆ మధ్యాహ్నం హవల్దార్ నవ్వుతూ ఫిర్యాదు చేశాడు. సుబేదార్ సాబ్ టెంటులో కూర్చుని తన వాకీటాకీ మాటలన్నిటికీ తప్పులు పడుతున్నారట. ఓవర్, ఔట్ రెండూ కలిపి అంటావేంటి నాయనా, ముందు స్టేషన్ పేరు చెప్పు, గొంతు తగ్గించు అని. ఆయన సిగ్నల్స్‌లో, అంటే సైన్యం వైర్‌లెస్ విభాగంలో, ఇరవై ఎనిమిదేళ్ళు చేశారట. నేను నా చేతిలో ఉన్న వాకీటాకీ సెట్ వైపు చూశాను.

ఐదో రోజు. 10:40. ఎండ బాగా ఉంది, వ్యానులో 33 డిగ్రీలు. రిటైరైనవాళ్ళలో ఇంక ఎవరూ మిగల్లేదు, ఆయన తప్ప. మఫ్లర్‌తోనే వచ్చి కూర్చున్నారు. చేతులు కుర్చీని పట్టుకున్న పట్టుకి గోళ్ళు తెల్లబడ్డాయి. ఒక వాకీటాకీ ఆయన చేతిలో పెట్టాను.

"రెండోది ఇక్కడే, హవల్దార్ చెవి దగ్గర ఉంటుందండీ. మీరు బటన్ నొక్కితే అక్కడ టిక్కుమంటుంది. టిక్కుమన్న క్షణం నా చేతులు మీ నోట్లోంచి బయటికొచ్చేస్తాయి. ఎందుకు నొక్కారని అడగను."

"ఎన్నిసార్లు నొక్కొచ్చు?"

"బ్యాటరీ అయిపోయేదాకా."

ఆయన బ్యాటరీ ఎంతుందో చూసుకున్నారు. "అయితే కంట్రోల్ స్టేషన్ నేనన్నమాట" అన్నారు. అవునన్నాను. వైర్‌లెస్‌లో కంట్రోల్ మాటే మిగతా సెట్లన్నీ వినాలి.

అద్దం పెట్టాను. టిక్. తీసేశాను. చిగురుకి మొద్దుబారే జెల్ రాశాను. టిక్. ఆగాను. నోరు చూడకుండానే టిక్. హవల్దార్ ప్రతిసారీ "స్టాప్" అన్నాడు, గొంతు తగ్గించి, ఆయన నేర్పినట్టే. నాలుగు, ఐదు, ఆరు. ఐసు పెట్టెలోంచి తీసిన మందుసీసాని అరచేతిలో పట్టుకుని వేడి చేశాను, చల్లటి మందు ఎక్కువ మండుతుంది. సూది చిగురుకి అరంగుళం దూరంలో ఉండగా ఏడోసారి టిక్. సూది ట్రేలో పెట్టేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

ఆయన ట్రేలోని సూదినీ, నా చేతులనీ చూశారు. "నిజంగానే ఆపేస్తున్నావమ్మా" అన్నారు. అండీ గిండీ పోయి కూతురితో అన్నట్టు అన్నారు. తర్వాత నోరు ఆయనే తెరిచారు.

మందు మెల్లగా ఎక్కించాను, ఒక మిల్లీలీటరుకి ఒక నిమిషం. పది నిమిషాలు ఆగాం. పన్ను కదిలించేటప్పుడు ఒక్కసారి టిక్ వచ్చింది. అది నిజం నొప్పి, ముఖంలో తెలిసింది. ఇంకొంచెం మందు వేసి మళ్ళీ ఐదు నిమిషాలు ఆగాను. ఆ తర్వాత సెట్ పలకలేదు. 11:25కి పన్ను ట్రేలో పడింది. టెంటుకి ఎవరు చెప్పారో తెలీదు, బయట ఎవరో చప్పట్లు కొట్టారు.

అక్కడినుంచి మిగిలినవాళ్ళకీ, మళ్ళీ చూపించుకోవడానికి వచ్చినవాళ్ళకీ అందరికీ వాకీటాకీయే ఇచ్చాను. ఎవరూ దాన్ని లొంగుబాటు అనుకోలేదు.

ఆరో రోజు 15:30కి సర్దేశాం. డ్రైవర్‌కి అరటి గెల ఒకటి కట్టిచ్చారు. ఈసారి ధాన్యం పక్కనుంచి ఎవరూ చెప్పకుండానే తప్పించి నడిపాడు. రావులపాలెం దగ్గర హైవే ఎక్కేటప్పటికి చీకటి పడింది. ఏడాదిన్నర తర్వాత నా సర్వీసు పూర్తయింది. పెళ్ళి, రాజమండ్రి, పాప.

పాపకి మూడేళ్ళు. రేపు పదింటికి మొదటిసారి పంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. నా బిడ్డ మీద నాకే చెయ్యి రాదు, అందుకని స్నేహితురాలి క్లినిక్‌కి. అది ఏడుస్తుందేమో, నోరు తెరవదేమో, ఆ భయం జన్మంతా ఉండిపోతుందేమో. పడుకోబెట్టి వచ్చి కూర్చున్నాను, నిద్ర రాక ఇది రాస్తున్నాను. ఆ ఆరు రోజుల్లో జరిగినవి ఎన్నో మర్చిపోయాను. పన్ను పడ్డాక జరిగింది మాత్రం కళ్ళముందునుంచి పోదు.

దూది కొరకండి, ఐదు నిమిషాలు అలాగే ఉండండి అని చెప్పి చేతులు కడుక్కోవడానికి వెనక్కి తిరిగాను. ఇటు తిరిగేసరికి సుబేదార్ మేజర్ గారు నిద్రపోతున్నారు. దూది గొంతులోకి జారకుండా కుర్చీ వీపు కాస్త పైకి లేపి నిలిపాను. మెలకువ రాలేదు. ఆయన భార్య మెట్టు మీద నిలబడి చూసి, ఎవరినీ లోపలికి రానివ్వకుండా చెయ్యి అడ్డం పెట్టారు. నలభై నిమిషాలు పడుకున్నారు. మఫ్లర్ జారిపోయింది. గుండెల మీద వాకీటాకీ ఊపిరితో పాటు లేస్తోంది, దిగుతోంది. బొటనవేలు బటన్ పక్కన వదులుగా ఉంది.