తాలు చీటీలు

ఆ రోజుల్లో నాకు పందొమ్మిదేళ్లు. మిరపకాయ తప్ప లోకంలో ఇంకే వస్తువునీ నేను శ్రద్ధగా చూసి ఎరగను. ఇప్పుడు తలుచుకుంటే ఆ వయసంతా ఎర్రగా, ఎండగా, కొంచెం ఘాటుగా, పగటి నిద్రలో చూసినట్టు కనిపిస్తుంది. మాఘం దాటిందంటే కారంపూడి చుట్టుపక్కల కల్లాలన్నీ ఎర్రబడేవి. పొద్దున కాయ పలచగా పరచడం, మధ్యాహ్నం తిరగెయ్యడం, పొద్దు వాలాక తాలు ఏరడం (తాలంటే రంగు వెలిసి తెల్లబారిన కాయ, ఒక్కటి మంచికాయలో కలిసినా మా అమ్మ ఆ పూట నాతో మాట్లాడేది కాదు). ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, నాకు క్షుణ్ణంగా వచ్చిన విద్య అదొక్కటే. ఆ విద్య నా చేత ఎంత పని చేయించిందో చెబుతాను, నవ్వుకోండి.

మా పక్కింట్లో పిట్టల తాత ఉండేవాడు. మాకు చుట్టం కాదు, అయినా తాతే. ఆయన నాన్న సాగర్ కాలవలు రాకముందు బొల్లాపల్లి వైపు అడవి గార్డుగా తిరిగిన మనిషి. చూసిన పిట్టనల్లా దొరికిన కాగితమ్ముక్క మీద రాసిపెట్టేవాడట: ఏ పిట్ట, ఎక్కడ, ఎన్ని, వాన పడిందా లేదా. ఆయన తరవాత తాత అదే పని పట్టాడు. ఇద్దరి చీటీలూ ఏడాదికో కట్టగా నూలుదారంతో కట్టి ఒక రేకుపెట్టెలో ఉండేవి. తాత కళ్లకు శుక్లాలు వచ్చాక ఆ పెట్టె మూగబోయింది. ఒకరోజు నన్ను పిలిచి, “ఏమే, నీకు అచ్చరాలొచ్చు గదా, రోజుకో కట్ట చదివిపెట్టవే” అన్నాడు. అప్పట్నుంచి మధ్యాహ్నం కాయ తిరగేసి వచ్చి, వాళ్ల వసారాలో గోడకు ఆనుకుని కూడబలుక్కుంటూ చదివేదాన్ని. చదువుతుండగానే ఆ వసారా మెల్లగా మెట్టచేనై పోయేది. పూరేళ్లు బుర్రుమని లేచేవి. తీతువు అరుచుకుంటూ మా తలల మీదుగా వెళ్లిపోయేది. తాత కళ్లు మూసుకుని, గడ్డం కొంచెం పైకెత్తి, ఎగిరేవాటిని చూస్తున్నట్టే వినేవాడు. అలా ఒక ఎండాకాలం ఎటు పోయిందో తెలియలేదు. కష్టపడి చదివింది కాబట్టి నాకు చీటీలన్నీ నోటికి వచ్చేశాయి.

మరుసటి ఏడు తాతకు ఒక ఉత్తరం వచ్చింది. పిట్టల గురించి చదువుకున్న ఒక మేడం, ఎవరి ద్వారానో తాత చీటీల సంగతి విని రాసింది. సాగర్ నీళ్లు రాకముందు ఈ మెట్టలో ఏ పిట్టలు ఉండేవో రాసిన కాగితం ఎక్కడా దొరకలేదట. చీటీలు చూస్తానని, పనికొస్తే తమ ఆఫీసుకు తీసుకెళ్లి చెదలు పట్టకుండా శాశ్వతంగా దాస్తామని రాసింది. తాత ఆ ఉత్తరాన్ని నా చేత రెండుసార్లు చదివించుకున్నాడు. “మా నాయన రాసింది చదివేవోళ్లు వస్తన్నారే! లేకపోతే రేపు నే పోయినాక మీ మామ్మ ఈ పెట్టెని పాతసామాన్లోడికి ఏసిద్ది” అన్నాడు. మామ్మ వంటింట్లోంచి, “ఏస్తా. పెట్టెతో పాటు నిన్ను గూడా ఏస్తా. బరువన్నా తూగిద్ది” అంది.

పెట్టె తెరిస్తే చెమ్మ వాసన, సన్నటి పురుగులు. “కాస్త ఎండలో పెట్టి తియ్యవే” అన్నాడు తాత. ఆయన చెప్పింది అంతే. కాని ఎండలో పెట్టడమంటే నాకు తెలిసిన పద్ధతి ఒకటే కదా. కట్టలన్నీ విప్పాను (కట్టగా ఉంటే లోపల బూజు పడుతుంది). డాబా మీద పలచగా పరిచాను. మధ్యాహ్నం తిరగేశాను. సాయంత్రం గోనెపట్టా మీద కూర్చుని ఏరడం మొదలుపెట్టాను. తెల్లగా, రాత స్పష్టంగా ఉన్న చీటీలు ఒక పక్క. పసుపు బారినవి, అంచులు కొరికినవి, సిరా వెలిసినవి ఒక పక్క. వసారాలో చదివినప్పుడు అవి పిట్టలు. ఎండలో పరిచాక నా చేతికి అవి కాయలే. చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. మంచి చీటీలు కట్టలు కట్టి పెట్టెలో సర్ది, తాలు పోగు మామ్మకిచ్చి, “ఇయ్యి బాగాలేవు మామ్మా” అన్నాను. మేడం చూసి మెచ్చుకుంటుందని రెండు రోజులు నాలో నేనే మురిసిపోయాను కూడా.

పది రోజులకు మేడం మాచర్ల బస్సు దిగి వచ్చింది. బక్కపలచగా, మెడలో దూరాన్ని చూసే అద్దాలతో, మా ఊరి ఎండకు అప్పటికే కందిపోయి ఉంది. కట్టలు ఒక్కొక్కటే తిరగేసి, “ఇవన్నీ మీ రాతేనండీ. మీ నాన్నగారివి ఏవి?” అంది.

“అన్నిటికంటే అడుగున ఉండాయి చూడమ్మా, పసుప్పచ్చగా” అన్నాడు తాత.

అడుగున రేకు తప్ప ఏమీ లేదు. తాత చెయ్యి పెట్టెలోకి పోయి, నాలుగు మూలలా తడిమి, అక్కడే ఆగిపోయింది.

“తాలు... ఏరేశా తాతా.”

“ఏందీ?”

“వెలిసిపోయినయ్యన్నీ ఏరి మామ్మకిచ్చా.”

మామ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “నేనేం పొయ్యిలో పెట్టలా. కోడిపెట్టని పొదగేసిన రోజు గంపలో గడ్డి చాలకపోతే గుడ్ల కింద పరిచా, మెత్తగుంటయ్యని” అంది.

నలుగురం పెరట్లోకి పరిగెత్తాం. గంప నిండా ఈకలు ఉబ్బించుకుని, కళ్లు సగం మూసుకుని, తాత నాన్న తిరిగిన అడవినంతా కడుపు కింద పెట్టుకుని కూర్చుంది కోడి. మామ్మ దాని రెక్కలు పట్టుకోబోయింది.

“ఆగు!” అని తాత, “ఆగండి!” అని మేడం, ఇద్దరూ ఒకేసారి అరిచారు.

“కోడేగా! లేపితే ఏమయ్యిద్ది?” అంది మామ్మ.

“పొదిగే పిట్టని లేపితే మళ్లా గూడెక్కిద్దని నమ్మకం ఏంది? నా జన్మలో గూడు మీదున్న పిట్ట జోలికి పోలేదు. ఇప్పుడు నా ఇంట్లో పిట్టనే లేపుతానంటే!”

మేడం గంప వైపు ఆశగా చూసింది, కాని తల అడ్డంగా ఊపింది. పొదగేసి పది రోజులు. ఇంకా పదకొండు రోజులు ఆగాలి. ఆమెకున్నది రెండు రోజులే. “పాతవి లేవని చెబితే మావాళ్లు పెట్టె తీసుకోవడానికి ఒప్పుకోరు. ఉన్నాయని నేనేం చూపించాలి?” అంది నీరసంగా.

“నాకొచ్చు” అన్నాను.

“ఏమొచ్చు?”

“చీటీలు. అన్నీ.”

గంప పక్కనే కూర్చుని మొదలుపెట్టాను. మేడం రాసుకుంటోంది. మధ్యలో ఎవరైనా ఆపితే నేను కట్ట మొదటి నుంచి రావాలి (ఎక్కం మధ్యలోంచి చెప్పమంటే ఎవరు చెప్పగలరు?). మంచినీళ్లు కావాలా అని అడిగి మామ్మ రెండుసార్లు ఒక ఏడాది మొత్తం వెనక్కి తిప్పింది. రెండో రోజు సాయంత్రానికి నా గొంతు పోయింది, మేడం పుస్తకం నిండింది. కోడి మాత్రం కదల్లేదు.

ఇరవై ఒకటో రోజు పిల్లలు లేచాయి. మేడం మళ్లీ వచ్చింది. ఒక గుడ్డు చితికి కొన్ని చీటీలకు సొన అంటింది, మిగతావి నలిగినా నిలిచాయి. కుంచెతో దులిపి, తన పుస్తకం పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే సరిచూసింది. పిట్ట సరిపోయింది. చోటు, లెక్క, వాన అన్నీ సరిపోయాయి. అయినా ఆమె కనుబొమలు ముడిపడుతూనే ఉన్నాయి.

“నువ్వు చెప్పింది చదువుతా విను: ‘బట్టమేక పిట్ట ఒకటి. జొన్నచేలో నిలబడి, వెనక్కి తిరిగి చూసి, తొందరేమీ లేనట్టు నడిచిపోయింది. వాన లేదు.’ చీటీలో ఏముందో తెలుసా? ‘బట్టమేక పిట్ట ఒకటి. జొన్నచేను. వాన లేదు.’ ఇలాంటివి చాలా ఉన్నాయమ్మా.”

నాకు భూమిలోకి పోవాలనిపించింది. అబద్ధమాడాలని కాదు. చీటీ రెండు ముక్కల్లో అయిపోయేది. తాత ముఖం మాత్రం ఇంకా వింటూనే ఉండేది. అందుకని ఇంకో ముక్క కలిపేదాన్ని. కలిపింది నేనేనన్న సంగతి నేనే మరిచిపోయాను.

“మా నాయన ముక్తసరి మనిషి. ఆకలేస్తందని గూడా రెండోసారి చెప్పడు” అన్నాడు తాత నెమ్మదిగా. “అంత పొడుగు ఆయన రాయడని నాకు మొదటిరోజే తెలుసు.”

“మరి ఆపలేదేంది తాతా?”

“బాగుంది గదే.”

మేడం నవ్వాపుకుంటూ చీటీలను ఒక కవరులో, నేను చెప్పింది వేరే కవరులో పెట్టి, రెండో దాని మీద ‘చదివిన అమ్మాయి చేర్చినవి’ అని రాసింది. పెట్టె మాచర్ల బస్సెక్కింది. తాత ఆ సాయంత్రమంతా కోడిపిల్లల మధ్య కూర్చున్నాడు.

ఇప్పుడు ఆ చీటీలన్నిటికీ ఫొటోలు తీసి అందరూ చూసేలా పెట్టారట. మొన్న మా చెల్లెలి కూతురు ఫోనులో చూపించింది. సొన మరక కూడా అలాగే ఉంది. చదువుకున్నవాళ్లు ఈ మెట్టలో ఏ పిట్టలు పోయాయో వాటిని చూసే తెలుసుకుంటున్నారట. దాని కిందే రెండో కవరు. నా మాటలకు కూడా నంబరు వేసి దాచారు మహానుభావులు. బట్టమేక పిట్టను నేను ఏనాడూ చూడలేదు, ఇక మా వైపు చూడబోను కూడా. కళ్లద్దాలు సర్దుకుని ఆ వాక్యం చదివి, ‘ఈ చెప్పినామె ఎవరో గాని చేలోకి దిగి, దగ్గరగా నిలబడి చూసిందే’ అని ఒక్క క్షణం నమ్మేశాను. తరవాత ఆ పిల్ల ఎవరో గుర్తొచ్చి, కొంచెం నవ్వొచ్చింది, కొంచెం అసూయ వేసింది.