బోర్డు మీద నా పేరు

తొంభైల మొదట్లో నేను మర్రిగూడ దగ్గరి మా ఊళ్లో బట్టలు కుట్టేదాన్ని. బ్యాంకు అప్పుతో కొన్న కుట్టుమిషనుకు ఒక్క కిస్తీ కూడా తప్పకుండా కట్టాను. ఇంకో మిషనుకు అప్పు అడుగుదామని, పాత రసీదులన్నీ సంచిలో వేసుకుని బ్యాంకుకు వెళ్లాను.

అప్పు ఎగ్గొట్టినవాళ్ల జాబితా నోటీసు బోర్డు మీద ఉంది. అందులో మూడో పేరు ఫాతిమా బేగం. నా పేరే. పక్కన తండ్రి పేరు లేదు, ఊరు లేదు. వరుసలో నిలబడ్డవాళ్లంతా నన్నే చూస్తున్నారు. నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఆమె కూడా ముఖం తిప్పుకుంది. నేరుగా లోపలికి వెళ్లి మేనేజరును అడిగాను.

మేనేజరు రిజిస్టరు తిరగేసి, "ఆవిడ వేరే ఫాతిమా అమ్మా. రేపు సరిచేస్తాం, వెళ్లండి" అన్నాడు.

"రేపటిదాంక నేను దొంగనేనా సారూ?" అన్నాను.

నా కొంగుకు ఎప్పుడూ నాలుగైదు గుండుసూదులు ఉంటాయి. వాటితో నా రసీదులన్నీ ఆ పేరు పక్కనే బోర్డుకు గుచ్చేశాను.

మేనేజరు బయటికొచ్చి, "అవి తీసేయండి" అన్నాడు.

"అందరి ముంగట పెట్టిన్రు. అందరి ముంగటనే దిద్దున్రి. అప్పుడు తీస్త."

ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. ఆ పేరు పక్కన ఆ వేరే ఫాతిమా తండ్రి పేరు, ఊరు రాసి సంతకం పెట్టాడు. నేను సూదులు తీసుకున్నాను. నెల తిరక్కుండా రెండో మిషను ఇంటికొచ్చింది.

ఇప్పటికీ ఏడాదికోసారి బ్యాంకుకు వెళ్లి, నా పేరు మీద ఏం రాసి ఉందో చూపించమంటాను. "మా మీద నమ్మకం లేదా అమ్మా?" అంటారు.

"మీరు నా మొఖం చూసి అప్పిస్తున్నరా? కాయిదం చూసే గద. నేను గూడ కాయిదమే చూస్త."